భేదాభేదం: ‘రెండూ’ అన్నాక అడగాల్సిన ప్రశ్న

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

భేదాభేదం అనగానే చాలామందికి తట్టే అర్థం ఒకటుంది. జీవుడు, బ్రహ్మం కొంతమేరకు ఒకటి, కొంతమేరకు వేరు. అద్వైతానికీ ద్వైతానికీ మధ్య ఎవరో పెద్దమనుషులు కుదిర్చిన రాజీ. ఈ అర్థం మనసులో పెట్టుకుని కూర్చుంటే ఈ మతం చెప్పిన భాస్కరుణ్ణి గానీ, నింబార్కుణ్ణి గానీ, జీవగోస్వామిని గానీ ఒక్క పుట కూడా సరిగ్గా చదవలేం. వాళ్లెవరూ సగం ఇటు, సగం అటు అని కొలత పెట్టలేదు. వాళ్లన్నది అంతకంటే సాహసమైన మాట: అదే వస్తువు, అదే సమయంలో, మరొకదానితో ఒకటీ అవుతుంది, దానికంటే వేరూ అవుతుంది.

అంతటితో ఆపితే అది పచ్చి విరుద్ధం. అందుకని వెంటనే ఒక ప్రశ్న పడుతుంది: ఏ రూపంలో ఒకటి, ఏ రూపంలో వేరు? దానికి జవాబు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే సంప్రదాయాలు విడిపోయాయి. ఇవాళ నేను ఆ జవాబులనే ఒక్కొక్కటిగా పట్టి చూస్తాను. భక్తి విషయాల జోలికి పెద్దగా పోను.

ముందు భేదం అంటే ఏమిటో తేల్చుకోవాలి. దీనికి న్యాయశాస్త్రాన్ని మించిన పనిముట్టు లేదు. అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావం నాలుగు విధాలన్నాడు: ప్రాగభావం, ప్రధ్వంసాభావం, అత్యంతాభావం, అన్యోన్యాభావం. మొదటి మూడూ ఒక జాతి. కుండ ఇంకా పుట్టలేదు, కుండ పగిలిపోయి ఇక లేదు, ఇక్కడ కుండ లేదు. వీటిలో కాదంటున్నది సంబంధాన్ని. నాలుగోది వేరు. ‘ఘటః పటో న’, కుండ వస్త్రం కాదు. ఇక్కడ కాదంటున్నది తాదాత్మ్యాన్ని, అంటే రెండూ ఒకటే కావడాన్ని. భేదం అంటే ఈ నాలుగోదే. తెలుగులో మనకు ఇది సులువు: మొదటి మూడు చోట్లా వాక్యం ‘లేదు’తో ముగుస్తుంది, నాలుగో చోట ‘కాదు’తో. వేదాంత చర్చల్లో జరిగే పొరపాట్లలో ఎన్నో ఈ రెంటినీ కలిపేయడం వల్ల వచ్చేవే. ‘బ్రహ్మంలో దుఃఖం లేదు’ అన్నది ఒక మాట. ‘దుఃఖపడే జీవుడు బ్రహ్మం కాదు’ అన్నది ఇంకో మాట. మొదటిది ఒప్పుకున్నవాడు రెండోది ఒప్పుకోవాలని లేదు.

‘కాదు’ అనే ఏ వాక్యాన్నయినా మూడు ముక్కలుగా విప్పి చూడాలి. భేదం దేనిలో ఉందంటున్నాం? అది అనుయోగి. దేనినుంచి భేదం? అది ప్రతియోగి. ప్రతియోగిని ఏ ధర్మంతో గుర్తుపట్టి కాదంటున్నాం? అది ప్రతియోగితావచ్ఛేదకం. పేరు భయపెడుతుంది గానీ పని చిన్నదే. మొదటి రెండూ అందరూ చెప్తారు. మూడోది చెప్పకుండా జారిపోతారు. భేదాభేద వివాదం మొత్తం ఆ మూడోదానిలోనే ఉంది.

కుండనే తీసుకోండి. కాల్చకముందు నల్లగా ఉంది. ఆవంలో కాల్చాక ఎర్రబడింది. ఇప్పుడు రెండు వాక్యాలు. ‘ఎర్రకుండ నల్లకుండ కాదు.’ ‘ఇది నిన్నటి కుండే.’ రెండూ నిజమే అనిపిస్తుంది. విరోధం ఎందుకు రావడం లేదు? మొదటి వాక్యంలో కాదన్నది నలుపుతో కూడిన కుండని, అవచ్ఛేదకం నలుపు. రెండో వాక్యంలో ఒకటి అన్నది ఆ వ్యక్తినే, రంగు పక్కన పెట్టి. అవచ్ఛేదకం మారింది గనక గొడవ లేదు.

అయితే ‘ఇది నిన్నటి కుండే’ అన్నది నిజమేనా అని న్యాయానికి తోడుగా నడిచిన వైశేషిక దర్శనం వాళ్లు, వైశేషికులు, నిలదీశారు. ఇది కాస్త ఆగి చూడాల్సిన చోటు. వాళ్లది పీలుపాకవాదం. పీలువు అంటే పరమాణువు. వాళ్ల లెక్కలో నిప్పు పైపైన తాకితే లోపలి పరమాణువుల రంగు మారదు. వేగంగా వచ్చిన అగ్ని కణాలు తగిలి పరమాణువుల్లో కదలిక పుడుతుంది, కదలిక వల్ల అవి విడిపోతాయి, విడిపోయేసరికి వాటి కూడిక పోతుంది, కూడిక పోతే ద్వ్యణుకం (రెండు పరమాణువుల జంట) పోతుంది, అలా కుండ మొత్తం పరమాణువుల దాకా విడిపోతుంది. విడి పరమాణువుల్లో నలుపు పోయి ఎరుపు పుడుతుంది. మళ్లీ అవి కూడి ద్వ్యణుకం, త్ర్యణుకం, అక్కణ్ణుంచి కుండ. ద్వ్యణుకం నశించిన దగ్గర్నుంచి కొత్త ద్వ్యణుకంలో ఎరుపు పుట్టేదాకా తొమ్మిది క్షణాలని ఒక లెక్క. ఎక్కడ ఏ క్రియ మొదలవుతుందన్న దాన్నిబట్టి పది, పదకొండు అని వేరే లెక్కలూ ఉన్నాయి. అంటే ఆవంలోంచి తీసింది పెట్టిన కుండ కాదు. అచ్చం దానిలాంటి కొత్త కుండ.

నైయాయికులు, అంటే న్యాయశాస్త్రం వాళ్లు, ఒప్పుకోలేదు. వాళ్లది పిఠరపాకవాదం, అంటే కుండ కుండగానే ఉండి కాలుతుంది. వాళ్ల అభ్యంతరాలు చాలా లౌకికమైనవి. ఆవంలో కుండ మీద కుండ పేర్చి ఉంది. అడుగు కుండ పరమాణువులుగా విడిపోతే పైవి ఎందుకు కూలలేదు? పెట్టిన లెక్కే, ఉన్న చోటే, అదే ఆకారం ఎలా నిలిచాయి? పైగా ‘అదే ఇది’ అనే గుర్తింపు మనకు కలుగుతోంది. దాన్ని కొట్టేసే జ్ఞానం ఏదీ లేకుండా భ్రమ అనడం ఎలా? వైశేషికుల జవాబు: మార్పు అతి వేగంగా, కొద్దికొద్దిగా జరుగుతుంది, అందుకని పైది కూలదు. నాకు నైయాయికుల పక్షమే బలంగా కనిపిస్తుంది. కానీ వైశేషికులు మనకు చేసిన మేలు ఒకటుంది. ‘అదే ఇది’ అన్న గుర్తింపు పోలిక వల్ల కూడా రావచ్చని, గుర్తింపు ఒక్కటే అభేదానికి చాలదని చూపించారు. బౌద్ధులు ఈ దారినే చివరిదాకా నడిచారు. మిళిందపన్హలో దీపం సంగతి గుర్తు తెచ్చుకోండి. మొదటి జామున వెలిగిన జ్వాల, చివరి జామున వెలుగుతున్న జ్వాల, అదీ కాదు, వేరొకటీ కాదు. ‘న చ సో, న చ అఞ్ఞో’. భేదాభేదవాది రెండూ అంటాడు, ఆ గ్రంథంలో జవాబులు చెప్పే భిక్షువు నాగసేనుడు రెండూ కాదంటాడు. ఇద్దరి ముందున్న ఉదాహరణ ఒకటే.

ఇప్పుడు అభేదం. ‘నీలో ఘటః’, నల్లని కుండ. నీల శబ్దం, ఘట శబ్దం ఒకే విభక్తిలో ఉండి ఒకే వస్తువుని చెప్తున్నాయి. దీన్ని సామానాధికరణ్యం అంటారు. శాస్త్రకారులు ఇచ్చిన లక్షణం: ‘భిన్నప్రవృత్తినిమిత్తానాం శబ్దానామ్ ఏకస్మిన్నర్థే వృత్తిః’. శబ్దాలు ప్రవర్తించడానికి కారణాలు వేరువేరుగా ఉండాలి. చేరే వస్తువు ఒకటి కావాలి. ఈ రెండు షరతుల్లో ఏది తప్పినా వాక్యం చెడుతుంది. మొదటిది తప్పితే ‘ఘటః కలశః’ లాగా పర్యాయపదాలు మిగుల్తాయి, కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. రెండోది తప్పితే ‘ఘటః పటః’, అబద్ధం. పనికొచ్చే ప్రతి అభేద వాక్యంలోనూ ఎక్కడో ఒక భేదం దాగి ఉంటుందన్న మాట.

భేదాభేదవాదికి ఇదే పెట్టుబడి. చూడండి, అతనంటాడు, రెండూ లేకపోతే వాక్యమే లేదు. వాక్యం ఉంది కాబట్టి రెండూ ఉన్నాయి. జాతికీ వ్యక్తికీ, గుణానికీ ద్రవ్యానికీ ఉన్న సంబంధాన్ని మీమాంసకుడు కుమారిల భట్టు ఇలాగే వివరించాడు. వేదాంతంలో ఈ దారికి అందరూ ఎత్తి చూపే శ్లోకం భాస్కర మతానిది. అద్వైతి వాచస్పతి మిశ్రుడు, శంకరుల సూత్రభాష్యానికి రాసిన భామతి వ్యాఖ్యలో, పూర్వపక్షంగా, అంటే ఖండించబోయే వాదంగా ఎత్తుకున్నాడు:

కార్యరూపేణ నానాత్వమభేదః కారణాత్మనా ।
హేమాత్మనా యథాభేదః కుండలాద్యాత్మనా భిదా ॥

బంగారంగా చూస్తే కడియం, కుండలం ఒకటే. కడియంగా, కుండలంగా చూస్తే వేరు. వినడానికి ఎంత హాయిగా ఉందో! ఏ రూపంలో అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉన్నట్టుంది.

వాచస్పతి ఇక్కడ కత్తి దించుతాడు. మెట్టుమెట్టుగా చెప్తాను. బంగారంగా అభేదం అన్నావు. సరే, బంగారంతో కుండలానికి అభేదం ఉందా లేదా? ఉందంటే, దూరాన ఏదో పచ్చగా మెరుస్తోంది, అది బంగారమని నాకు తెలిసింది అనుకో. కుండలం బంగారం కంటే వేరు కాదు గనక అది కుండలమనీ తెలిసిపోవాలి. కానీ తెలియడం లేదు. ‘ఏ నగ అది?’ అని అడుగుతున్నాను. లేదు, భేదం కూడా ఉంది గనక తెలియలేదు అంటావా? అభేదం కూడా ఉంది గనక తెలియాలి కదా. రెండూ సమబలంగా ఉంటే తెలియడం, తెలియకపోవడం రెండూ ఒకేసారి జరగాలి. జరుగుతున్నది ఒకటే, తెలియకపోవడం. అంటే బంగారంగా ఒకటి అన్నప్పుడు నువ్వు చూపిస్తున్నది కుండలం, బంగారం ఒకటని కాదు; బంగారం బంగారంతో ఒకటని. అది ఎవరు కాదన్నారు?

ఈ దెబ్బ గట్టిది. దీనిలో పట్టు ఎక్కడుందో గమనించండి. ‘కారణాత్మనా’ అన్న తృతీయా విభక్తిలో ఉంది. ఆ రూపం కుండలానిదే అయితే భేదం ఎక్కడిది? కుండలానిది కాకపోతే అభేదం కుండలానికి ఎలా వచ్చింది?

బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి, వస్తువు అనేక రూపాలదనే జైనుల మీద, ఇదే మాటని ఇంకా ఘాటుగా అన్నాడు. అన్నీ అన్ని రూపాలూ అయితే, పెరుగు తినమని చెప్పినవాడు ఒంటె మీదికి ఎందుకు పరుగెత్తడు? ‘చోదితో దధి ఖాదేతి కిముష్ట్రం నాభిధావతి’. పెరుగూ ద్రవ్యమే, ఒంటే ద్రవ్యమే, ద్రవ్యరూపంగా అభేదమే కదా అని ఎత్తిపొడుపు. జైనులు ఊరుకోలేదు. అకలంకుడు తిరుగు జవాబిచ్చాడు: మీ సుగతుడు, అంటే బుద్ధుడు, పూర్వజన్మలో లేడిగా పుట్టాడంటారు. ఇద్దరిదీ తెగని ఒకే ప్రవాహం (సంతానం) అయినా సుగతుడికి మొక్కుతారు, లేడిని తింటారు. ఆ వ్యవస్థ మీకెలా కుదిరిందో మాకూ అలాగే పెరుగు, ఒంటె విషయంలో కుదురుతుంది. ఎకసెక్కంలా ఉంది గానీ ఇందులో అసలు వాదం ఉంది. అభేదాన్ని ఒప్పుకున్నంత మాత్రాన వ్యవహారం కలగాపులగం కానక్కర్లేదు. ఏ పర్యాయంలో, ఏ అవస్థలో అన్న నియమం పని చేస్తుంది. జైనుల స్యాద్వాదంలో ‘స్యాత్’ (ఒక దృష్టిలో) అనే మాట చేసేది ఆ నియమం పెట్టడమే. దాన్ని ‘బహుశా’ అని అర్థం చేసుకున్నవాళ్లు జైనుల్ని సందేహవాదులని అనేశారు. అది అన్యాయం.

ఇక వేదాంతంలోకి వద్దాం. భేదాభేదం తర్వాత కాలంలో పుట్టిన రాజీ కాదని బ్రహ్మసూత్రాలే సాక్ష్యం. 1.4.20 నుంచి 22 వరకు మూడు సూత్రాల్లో ముగ్గురు ఆచార్యుల పేర్లు వస్తాయి. ఆశ్మరథ్యుడు: నిప్పుకి నిప్పురవ్వల్లాగా జీవుడు పూర్తిగా వేరూ కాదు, పూర్తిగా ఒకటీ కాదు. ఔడులోమి: సంసారంలో ఉన్నంతకాలం వేరు, విడుదలయ్యాక ఒకటి. కాశకృత్స్నుడు: ‘అవస్థితేః’, బ్రహ్మమే జీవరూపంలో ఉంది. శంకరులు కాశకృత్స్నుడి పక్షమే శ్రుతికి సమ్మతమన్నారు. తమాషా ఏమిటంటే రామానుజులూ కాశకృత్స్నుణ్ణే ఎంచుకున్నారు. కాకపోతే ఆయన చదివింది, జీవుడిలో బ్రహ్మం ఆత్మగా నెలకొని ఉంది అని. ఒకే పదం మీద రెండు సిద్ధాంతాలు నిలబడ్డాయి.

శంకరులకు ముందే బృహదారణ్యకానికి భర్తృప్రపంచుడు భేదాభేద వ్యాఖ్య రాశాడు. అది మనకు దక్కలేదు. ఖండించినవాళ్ల రాతల్లోనే ముక్కలుగా మిగిలింది. 2.1.14 సూత్రభాష్యంలో శంకరులు ఒక పూర్వపక్షం పెడతారు: చెట్టుగా ఒకటి, కొమ్మలుగా అనేకం, సముద్రంగా ఒకటి, నురగ, అలలుగా అనేకం, మన్నుగా ఒకటి, కుండలు, మూకుళ్లుగా అనేకం. ఏకత్వంతో మోక్షం, నానాత్వంతో కర్మకాండ, రెండూ నిలుస్తాయని. శంకరుల జవాబు వాచస్పతి తర్కంలా ఉండదు, ఫలం వైపు నుంచి వస్తుంది. నానాత్వం కూడా నిజమే అయితే ఏకత్వ జ్ఞానం దేన్ని తొలగిస్తుంది? నిజమైనదాన్ని జ్ఞానం తొలగించలేదు. తాడుని చూసి పాము పోతుంది గానీ, తాడుని చూసి తాడు పోదు కదా.

భాస్కరుడు ఈ ఇబ్బందిని ఉపాధితో, అంటే వస్తువుకి బయటినుంచి తగిలి హద్దు పెట్టేదానితో, దాటాలని చూశాడు. అభేదం సహజం, భేదం ఉపాధివల్ల వచ్చింది; అయితే ఉపాధి మిథ్య కాదు, నిజం. కుండలోని ఆకాశం లాగా. ఉపాధి పోతే భేదం పోతుంది. ఇది ఔడులోమి మాటకు దగ్గర. దీనిమీద రామానుజుల సూత్రవ్యాఖ్య శ్రీభాష్యం వేసిన ప్రశ్న నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అది దృష్టాంతంలోకి దిగి దాని లోపలే చిక్కు చూపిస్తుంది. కుండని ఇక్కణ్ణుంచి అక్కడికి మోసుకెళ్లండి. ఆకాశం కుండతో పాటు రాదు. ఇక్కడున్న ఆకాశ ప్రదేశం కుండనుంచి విడిపోతుంది, అక్కడి ప్రదేశం కుండలో చిక్కుకుంటుంది. బ్రహ్మమూ అంతటా ఉన్నదే, ముక్కలు చేయలేనిదే. దేహేంద్రియాలనే ఉపాధి నాలుగడుగులు నడిస్తే అడుగడుక్కీ ఒక బ్రహ్మప్రదేశానికి మోక్షం, ఇంకోదానికి బంధం! ప్రతి క్షణం బంధమోక్షాలు. పోనీ ఉపాధి మొత్తం బ్రహ్మానికే తగిలిందంటే బ్రహ్మమే సంసారి అవుతుంది.

యాదవప్రకాశుడు ఉపాధిని వదిలేశాడు. భేదమూ సహజమే, అభేదమూ సహజమే, మోక్షంలో కూడా రెండూ ఉంటాయన్నాడు. కాంచీపురంలో రామానుజులకు మొదట పాఠం చెప్పింది ఈయనే. శిష్యుడు గురువుగారి మతం మీద వేదార్థసంగ్రహంలో వేసిన దృష్టాంతం కటువుగా ఉంటుంది: ఒకే మనిషికి ఒక చేతికి చందనం, నగలు, రెండో చెయ్యి రోకలి దెబ్బలు తిని మంటల్లో కాలుతోంది. అతను సుఖంగా ఉన్నాడని ఎలా అంటారు? ఈశ్వరుడు ఆనందమయుడు, కానీ ఆయనే జీవులుగా దుఃఖపడుతున్నాడంటే ఇంతే.

రామానుజుల్ని కూడా భేదాభేదవాదుల్లో కలిపేస్తుంటారు, అది సరికాదు. ఆయన ‘ఏ రూపంలో’ అన్న ప్రశ్నకు జవాబుని వస్తు స్వరూపంలో పెట్టలేదు, సంబంధంలో పెట్టారు. స్వరూపంగా జీవుడు, బ్రహ్మం ఎప్పుడూ వేరే. కానీ జీవుడు బ్రహ్మానికి శరీరం. శరీరం అంటే ఆయన లక్షణంలో మూడు అంశాలున్నాయి: ఒక చేతనుడు తన ప్రయోజనం కోసం దేన్ని పూర్తిగా నియమిస్తాడో, దేన్ని పూర్తిగా ధరిస్తాడో, ఏది అతనికి శేషంగా (అతని కోసమే) ఉండటమే స్వరూపంగా కలిగి ఉందో ఆ ద్రవ్యం. చేతులు, కాళ్లు, రక్తమాంసాల ప్రసక్తి లేదు చూశారా! శరీరాన్ని చెప్పే శబ్దం శరీరి దాకా పోతుంది. ‘మనిషి వచ్చాడు’ అంటే ఆత్మకి కూడా చెందుతుంది కదా. అలా ‘తత్ త్వమసి’ (అది నువ్వే) అన్న ఉపనిషద్వాక్యంలో ‘త్వం’ శబ్దం జీవుడి మీదుగా జీవుణ్ణి శరీరంగా గల బ్రహ్మం దాకా వెళ్తుంది. ‘తత్’ జగత్కారణమైన బ్రహ్మాన్ని చెప్తుంది. ప్రవృత్తినిమిత్తాలు రెండు, వస్తువు ఒకటి. సామానాధికరణ్య లక్షణం పొల్లుపోకుండా కుదిరింది. అద్వైతులు ‘సోఽయం దేవదత్తః’ (ఆ దేవదత్తుడే ఇతను) తీరులో రెండు వైపులా విశేషణాలు వదిలించే జహదజహల్లక్షణ, అంటే మాట అర్థంలో కొంత వదిలి కొంత ఉంచుకోవడం, చెప్తే, ప్రవృత్తినిమిత్తాలే పోయాక సామానాధికరణ్యం ఎక్కడ మిగిలిందని వీళ్ల ఆక్షేపణ. అద్వైతుల్లోనే ధర్మరాజాధ్వరీంద్రుడు వేదాంతపరిభాషలో అసలు ఈ లక్షణావృత్తే అక్కర్లేదన్నాడు, అది వేరే చర్చ.

నింబార్కుడి దగ్గరికి వస్తే భేదమూ అభేదమూ రెండూ స్వాభావికాలే, యాదవప్రకాశుడిలాగే. తేడా ఎక్కడంటే, ఆ సంప్రదాయం రెండు మాటలకీ సత్తని, అంటే ఉనికిని, ఆధారం చేసింది. జీవుడికి పరతంత్రమైన ఉనికి ఉంది, అది భేదం. స్వతంత్రమైన ఉనికి లేదు, అది అభేదం. ఈ రెండు వాక్యాల్లో మీరెక్కడైనా విరోధం వెతకండి, దొరకదు. ఇంత శుభ్రంగా విరోధం పోగొట్టినవాళ్లు ఇంకొకరు లేరనే అంటాను. కానీ వెల కూడా ఉంది: పరతంత్రమే కాని స్వతంత్రం కాదు అన్నంతటిని అభేదమని పిలవడానికి మధ్వుడు ఒప్పుకుంటాడా? అది నా ద్వైతమే కదా అంటాడు.

మధ్వుడి సంగతి చూద్దాం. ఐదు భేదాలు చెప్పినవాడు గనక అభేదంతో ఆయనకు పనిలేదనుకుంటాం. నిజానికి అభేదం గురించి అత్యంత సూక్ష్మంగా ఆలోచించినవాళ్లలో ఆయనొకడు. పంచదశి అనే అద్వైత గ్రంథం చెప్పే మూడు రకాల భేదం తెలుసుగా? చెట్టుకి తన ఆకులు, పూలతో ఉన్నది స్వగతభేదం, ఇంకో చెట్టుతో సజాతీయం, రాయితో విజాతీయం. ద్వైతం మూడూ ఒప్పుకుంటుందని కళ్లు మూసుకుని రాసేస్తుంటారు. విష్ణువు విషయంలో మధ్వుడు స్వగతభేదం ఒప్పుకోడు. ఆయన జ్ఞానం, ఆయన ఆనందం, ఆయన అవయవాలు అన్నీ ఆయనే. మరి ‘విష్ణువు ఆనందం’ అని ఎలా అంటాం? దానికి ‘విశేషం’ అనే పదార్థాన్ని తెచ్చాడు. అది భేదానికి ప్రతినిధి: భేదం లేనిచోట కూడా భేదం చేసే పని చేసిపెడుతుంది. ద్రవ్యం ఉన్నంతకాలం ఉండే గుణాలకు ద్రవ్యంతో విశేషంతో కూడిన అభేదం. ఉంటూ పోతూ ఉండే గుణాలకు, పండులో పచ్చదనం పోయి ఎరుపు రావడం లాంటివాటికి, భేదాభేదం. అవును, మధ్వుడే ఆ మాట ఒప్పుకుంటాడు, లౌకిక వస్తువుల్లో. జీవుడికీ బ్రహ్మానికీ మధ్య మాత్రం కాదు.

చివరిగా అచింత్యభేదాభేదం. చైతన్యుల సంప్రదాయంలో దీన్ని శాస్త్రంగా నిలబెట్టింది జీవగోస్వామి. ‘అచింత్యం’ అనగానే, తర్కం చేతకాక చేతులెత్తేశారని ఒక చిన్నచూపు ఉంది. అది చదవనివాళ్ల మాట. మూలం విష్ణుపురాణంలో ఉంది, మొదటి అంశం మూడో అధ్యాయం: ‘శక్తయః సర్వభావానామ్ అచింత్యజ్ఞానగోచరాః’. బ్రహ్మం ఒక్కదానికే కాదు, అన్ని వస్తువుల శక్తులూ అలాంటివే, నిప్పుకి వేడిలాగా. శ్రీధరస్వామి దీనికి అర్థం చెప్తూ, భిన్నమా అభిన్నమా అనే వికల్పాలతో ఆలోచించడానికి వీలుకానివి, కేవలం అర్థాపత్తికి (ఇంకోలా కుదరదు గనక ఇలాగే అని ఊహించడానికి) మాత్రమే అందేవి అన్నారు. రెండో భాగం వదిలేస్తారు జనం. అచింత్యం అంటే తెలియనిది కాదు. ఏ ప్రమాణంతో తెలుస్తుందో పేరు పెట్టి చెప్పారు.

అర్థాపత్తి ఎలా పని చేస్తుంది? మీమాంసకులు శక్తిని ఎలా సాధించారో చూస్తే తెలుస్తుంది. నిప్పు మండుతోంది, అందులో చెయ్యి పెడితే కాలుతుంది. చంద్రకాంతం లాంటి మణి దగ్గర పెడితే, మంత్రం వేస్తే, నిప్పు కళ్లెదుట మండుతూనే ఉన్నా కాలదు. అది మీమాంసకులూ నైయాయికులూ ఇద్దరూ ఒప్పుకున్న ఉదాహరణ. నిప్పు ఉంది, కాల్చడం లేదు. కాబట్టి కాల్చే శక్తి నిప్పు స్వరూపం మాత్రమే కాదు. అలాగని నిప్పుని వదిలి శక్తి ఎక్కడా దొరకదు. కాబట్టి వేరూ కాదు. ఈ రెండు చూపులూ కలిపి ఇంకోలా కుదరవు గనక అలా ఊహించడమే అర్థాపత్తి. నైయాయికుడు దీన్ని ఒప్పుకోడు. శక్తి అని కొత్త పదార్థం ఎందుకు, ప్రతిబంధకం లేకపోవడం కూడా కారణాల్లో ఒకటి అంటే సరిపోతుంది కదా అంటాడు. మణి ఉంది, ప్రతిబంధకాభావం లేదు, అందుకే కాలలేదు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. అచింత్యభేదాభేదాన్ని నిజంగా పరీక్షించాలంటే పరీక్ష ఇక్కడ పెట్టాలి, శక్తి పదార్థం నిలుస్తుందా లేదా అన్న చోట.

శక్తి నిలిస్తే మిగతాది దానంతట అది వస్తుంది. స్వరూపశక్తి, మాయాశక్తి, జీవశక్తి అని మూడు. జీవశక్తికి తటస్థ అని పేరు. చైతన్యచరితామృతంలో చైతన్యులు కాశీలో శిష్యుడు సనాతనుడికి చెప్పిన మాట, జీవుడు కృష్ణుడి తటస్థశక్తి, భేదాభేద ప్రకాశం అని. ‘ఏ రూపంలో’ అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు స్వరూపంలోనూ లేదు, ఉపాధిలోనూ లేదు, శరీరశరీరి సంబంధంలోనూ లేదు. శక్తికీ శక్తిమంతుడికీ మధ్య పెట్టారు. యాదవప్రకాశుడి మీద పడ్డ రోకలి దెబ్బ దీనిమీద అలాగే పడదు, దుఃఖం శక్తి వైపునే ఆగుతుంది గనక. అయితే అభేదం అన్నప్పుడు అది పూర్తిగా ఆగుతుందా అని రామానుజీయుడు అడగొచ్చు. అడుగుతాడు కూడా.

(సభలోంచి ప్రశ్న: మధ్వుల విశేషం, జీవగోస్వామి అచింత్యం రెండూ ఒకటే కదా? జవాబు దొరకని చోట ఒక పేరు పెట్టడం.)

మంచి ప్రశ్న. ఒకటి కావు. విశేషం పని చేసేది భేదం బొత్తిగా లేనిచోట. అచింత్యం అన్నది భేదం, అభేదం రెండూ ఉన్నచోట. చైతన్యుల సంప్రదాయంలోనే వచ్చిన బలదేవ విద్యాభూషణుడు గోవిందభాష్యంలో విశేషాన్ని కూడా తీసుకోవడంతో రెండూ కలిసినట్టు కనిపిస్తాయి, నిజమే.

పేరు పెట్టి ఊరుకోవడం అన్నారు. దాని వెనక ఒక అవసరం ఉంది. భేదాన్ని వస్తువు ధర్మం అనుకోండి. ఆ ధర్మం వస్తువు కంటే వేరా? వేరైతే ఆ భేదం ఇంకో ధర్మం, అది మళ్లీ వేరు, ఇలా అంతులేని వరస, అనవస్థ. అద్వైతుల వైపునుంచి మండనమిశ్రుడు బ్రహ్మసిద్ధిలో, శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో భేదవాదుల్ని ఇలాగే తరిమారు. మధ్వుడు భేదం వస్తు స్వరూపమే అన్నాడు. వస్తువుని చూడగానే అన్నిటికంటే విలక్షణమని సామాన్యంగా తెలిసిపోతుంది, ఫలానాదానికంటే అన్నది తర్వాత తెలుస్తుంది. మరి వస్తువు, భేదం ఒకటే అయితే రెండు మాటలెందుకు? అక్కడ విశేషం. విశేషానికి ఇంకో విశేషం కావాలా? అక్కర్లేదు, అది తన్ను తానే నిర్వహించుకుంటుంది, స్వనిర్వాహకం.

మీ అనుమానం ఇక్కడ పెట్టుంటే ఇంకా పదునుగా ఉండేది. విశేషం తన్ను తాను నిర్వహించుకోగలిగితే, ఒక మెట్టు ముందే ఆగి భేదమే స్వనిర్వాహకం అనొచ్చు కదా? నైయాయికుడు సమవాయం దగ్గర ఇదే చేశాడు. గుణానికీ ద్రవ్యానికీ సమవాయం, అంటే విడదీయరాని సంబంధం. ఆ సమవాయానికి ఇంకో సమవాయం అక్కర్లేదు, స్వరూప సంబంధం చాలన్నాడు. బ్రహ్మసూత్రకారుడు 2.2.13లో ‘సమవాయాభ్యుపగమాచ్చ సామ్యాదనవస్థితేః’ అని దాన్నే పట్టుకున్నాడు: సంయోగానికి (రెండు వస్తువుల కలయికకి) సంబంధం కావాలన్నవాడివి సమవాయానికి ఎందుకు వద్దంటున్నావు? అద్వైతులు ఈ సూత్రాన్ని నైయాయికుల మీద ప్రయోగించారు. ఇప్పుడు అదే సూత్రాన్ని తీసి, తాదాత్మ్యం అంటే భేదాన్ని సహించే అభేదమని వర్ణించిన అద్వైతుల మీదే ప్రయోగించి చూడండి. వాళ్ల జవాబు, మాకు ఆ భేదం అనిర్వచనీయం, ఉందనీ లేదనీ తేల్చి చెప్పలేనిది గనక అనవస్థ దోషం కాదు, అలంకారమే అని. ఆ జవాబు ఒప్పుకుంటే మధ్వుడి స్వనిర్వాహకాన్ని తోసిపుచ్చడానికి ఏ యుక్తి మిగులుతుందో నాకు కనబడదు.